పొలం గుణమా, వంగడం గుణమా: జీనోమిక్ అంచనాలో ప్రదేశ ప్రభావంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాలెం, కంపాసాగర్ వంటి పరిశోధన స్థానాల్లో, చుట్టుపక్కల రైతుల పొలాల్లో వేసిన పరీక్షల దిగుబడి పట్టిక ఒక చేతిలో, అదే వంగడాల డీఎన్ఏ మార్కర్ల (వంగడాల మధ్య తేడాను చూపే డీఎన్ఏ గుర్తుల) పట్టిక ఇంకో చేతిలో పట్టుకుని కూర్చున్న విద్యార్థుల కోసం, మొక్కల ప్రజనన విభాగాల్లో పనిచేసేవారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. ఈ రెండు పట్టికలనూ కలిపి, డీఎన్ఏను చూసి ఒక వంగడం ఎలా పండుతుందో ముందే లెక్కగట్టడమే జీనోమిక్ అంచనా. ఉదాహరణలన్నీ దక్షిణ తెలంగాణ పంటలవి. "అనుకుందాం" అన్న చోట వచ్చే అంకెలు లెక్క చూపించడానికి మాత్రమే. అవి ఏ పరీక్ష ఫలితాలూ కావు.

ప్రదేశ ప్రభావం అంటే ఏమిటి?

ఒకే పేరు కింద మూడు వేర్వేరు సంగతులు నడుస్తుంటాయి. వీటిని విడదీయకపోవడంతోనే సగం చిక్కులు మొదలవుతాయి.

మొదటిది సగటులో తేడా. యాసంగిలో బోరు కింద వేసిన వేరుశనగకూ, వానకాలంలో చల్క (తేలికపాటి ఎర్ర) నేలలో వాన మీద వదిలేసిన వేరుశనగకూ దిగుబడిలో చాలా దూరం ఉంటుంది. ఆ దూరంలో వంగడం పాత్ర ఏమీ లేదు. అన్ని రకాలూ కలిసి పైకి లేస్తాయి, కలిసి కిందికి దిగుతాయి.

రెండోది వరుస మారడం. ఒకచోట ముందున్న రకం మరోచోట వెనకబడుతుంది. ఆముదం దీనికి మంచి ఉదాహరణ. దేశంలో ఆముదం ఎక్కువగా పండేది గుజరాత్‌లో. అక్కడ నీటి వసతి ఉంటుంది, ఎండు తెగులు బెడద ఉంటుంది. పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతంలో పంట వర్షాధారం; గెలలు వేసే సమయంలో తుపాను ముసురు పడితే బొట్రైటిస్ కుళ్లు గెలలను తుడిచిపెడుతుంది. గెలలో కాయలు ఒత్తుగా ఉన్న రకానికి ఇక్కడ ముప్పు ఎక్కువ, విడివిడిగా ఉన్న రకానికి తక్కువ. పొడి వాతావరణంలో ఒత్తు గెల రకమే గెలవవచ్చు. ఇలాంటి చోట "ఏది మంచి రకం" అన్న ప్రశ్నకు ఊరి పేరు జోడించకుండా జవాబు లేదు.

మూడోది ఒకే పొలం లోపలి తేడా. పొలం ఒక కొస నుంచి మరో కొసకు నేల మారుతుంది, వాలు మారుతుంది, నీరు నిలిచే చోటు మారుతుంది. దీన్ని చాలామంది ప్రదేశ ప్రభావంగానే లెక్కించరు. దీని గురించి కింద విడిగా రాశాను, ఎందుకంటే ఫలితాలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

మార్కర్లు చూసేది డీఎన్ఏను కదా, పొలం సంగతి దానికెందుకు?

మార్కర్లు డీఎన్ఏను చూస్తాయి, నిజమే. కానీ వాటికి విలువ కట్టేది దిగుబడి పట్టిక. 2001లో మ్యూవిసన్, హేస్, గొడార్డ్ జినోమ్ అంతటా పరచుకున్న మార్కర్లన్నిటికీ ఒకేసారి విలువ కట్టే పద్ధతి ప్రతిపాదించారు. అప్పటి నుంచి వచ్చిన మోడళ్లు ఎన్నో, కానీ వాటన్నిటి స్వభావం ఒకటే: పట్టికలో కనిపించిన తేడాకు మరో కారణం మీరు చెప్పకపోతే, మోడల్ ఆ కారణాన్ని డీఎన్ఏలోనే వెతుకుతుంది. వెతికితే దొరుకుతుంది కూడా. అదే ప్రమాదం.

ఒక సందర్భం చూడండి. ఒక సంకరం నుంచి వచ్చిన జొన్న సంతతిని నడిగడ్డలోని (గద్వాల, అలంపూర్ ప్రాంతం) నల్లరేగడిలో, మరో సంకరం నుంచి వచ్చిన సంతతిని మహబూబ్‌నగర్ దగ్గరి ఎర్ర చల్కలో పరీక్షించారనుకుందాం. మొదటి సంతతికి దిగుబడి ఎక్కువ వచ్చింది. కారణం నేల తేమ కావచ్చు. కానీ ఆ రెండు సంతతులను వేరుచేసే మార్కర్లు వేలల్లో ఉంటాయి. ప్రదేశాన్ని మోడల్‌లో రాయకపోతే నల్లరేగడి ఇచ్చిన దిగుబడి అంతా ఆ మార్కర్ల ఖాతాలో పడుతుంది. వచ్చే ఏడాది ఆ సంతతికి చెందిన, ఎన్నడూ పొలం చూడని కొత్త మొక్కకు కూడా మోడల్ మంచి మార్కులు వేస్తుంది. ఊరి గుణాన్ని విత్తనానికి అంటగట్టడం అంటే ఇదే.

అన్ని వంగడాలూ అన్ని ప్రదేశాల్లోనూ ఉంటే ఈ ముప్పు ఉండదు. అప్పుడు ప్రదేశాన్ని రాయకపోయినా తప్పు అంత ఘోరంగా ఉండదు. కాకపోతే ప్రదేశాల మధ్య తేడా అంతా దోషంలో (కారణం చెప్పలేని మిగులు తేడాలో) కలిసిపోయి, అనువంశికత (మొత్తం తేడాలో జన్యువుల వాటా) తక్కువగా కనిపించి, అంచనాలన్నీ సున్నా వైపు ముడుచుకుపోతాయి. కానీ విత్తనం చాలక, స్థలం చాలక, నిజ జీవితంలో అన్నీ అన్నిచోట్లా ఉండవు.

ప్రతి విలువ నుంచి ఆ ప్రదేశం సగటును తీసేస్తే సరిపోదా?

వంగడాల జాబితా అన్నిచోట్లా ఒకటే అయితే సరిపోతుంది. జాబితా వేరైతే ఆ తీసివేతే నష్టం చేస్తుంది.

ఒక ప్రదేశంలో కొత్త వంగడాల సగటు హెక్టారుకు 2400 కిలోలు, అక్కడ వేసిన చెక్ రకం (పోలిక కోసం వేసే, గుణం తెలిసిన రకం) 2000 కిలోలు అనుకుందాం. రెండో ప్రదేశంలో వేరే వంగడాలు. వాటి సగటు 1500, అదే చెక్ రకం కూడా 1500. సగటు తీసేస్తే రెండు జట్లూ సున్నా దగ్గరికి వచ్చి సమానమైపోతాయి. చెక్‌తో పోలిస్తే మాత్రం మొదటి జట్టు 400 కిలోలు మెరుగు, రెండో జట్టు చెక్‌కు సమానం. సగటు తీసేసినప్పుడు ఆ 400 కిలోల జన్యు మేలును చెత్తబుట్టలో వేసినట్టే. ప్రజనన కార్యక్రమాల్లో ఇది అరుదు కాదు: ముందు దశకు ఎంపికైన మేలు రకాలు ఒకచోట, తొలి దశ రకాలు మరోచోట ఉండటం మామూలే.

అందుకే చెక్ రకాలు అన్ని ప్రదేశాల్లోనూ ఉండాలి, ఒక్కటి కాకుండా మూడు నాలుగు ఉండాలి. ఒకే చెక్ మీద ఆధారపడితే, ఆ చెక్‌కు ఒకానొక ఊరంటే గిట్టకపోవడం కూడా ప్రదేశ ప్రభావంగా లెక్కలోకి వస్తుంది. వేరుశనగలో కదిరి-6ను చెక్‌గా పెట్టినచోట ఆకుమచ్చ తెగులు ఉధృతంగా వచ్చిన ఏడాది ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

మార్కర్లు కూడా ఈ వంతెన పని కొంత చేస్తాయి. రెండు ప్రదేశాల్లోని వంగడాలు వేరైనా, వాటి మధ్య బంధుత్వం ఉంటే ఆ బంధుత్వం ద్వారా ప్రదేశాల తేడా తెలుస్తుంది. ఒక ప్రదేశంలో ఒకే సంతతి, మరో ప్రదేశంలో దానితో సంబంధం లేని సంతతి పెడితే మాత్రం ఏ లెక్కా కాపాడదు. విత్తనం పంచే రోజే ఒకే సంకరం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ల వంటి వంగడాలను వేర్వేరు ఊళ్లకు పంపడం మేలు.

ప్రదేశాన్ని స్థిర ప్రభావంగా తీసుకోవాలా, యాదృచ్ఛిక ప్రభావంగానా?

మూడు నాలుగు ప్రదేశాలే ఉంటే స్థిరం, అంటే ఒక్కో ప్రదేశానికీ విడిగా ఒక అంకె. అంత తక్కువ వాటి నుంచి వేరియన్స్ (విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) అంచనా వేస్తే వచ్చే అంకెను నమ్మలేం. ప్రదేశం, సంవత్సరం కలిపి పదిహేను ఇరవై పరిసరాలు ఉండి, అవి ఒక ప్రాంతానికి ప్రతినిధులని మీరు భావిస్తే యాదృచ్ఛికంగా, అంటే ఆ ప్రాంతం నుంచి తీసిన నమూనాగా, తీసుకోవచ్చు.

దీనిమీద సెమినార్లలో జరిగే చర్చకూ, దాని ప్రయోజనానికీ పొంతన లేదని నా అభిప్రాయం. వంగడాలు అన్నిచోట్లా ఉంటే రెండు పద్ధతుల్లోనూ వరుస దాదాపు ఒకటే వస్తుంది. సగటు ప్రభావం ఎలా రాశారన్నదాని కంటే, వంగడానికీ ప్రదేశానికీ మధ్య ఉన్న పరస్పర చర్యను రాశారా లేదా అన్నది ఎన్నో రెట్లు ముఖ్యం.

ఆ పరస్పర చర్యను మోడల్‌లో ఎలా రాస్తారు?

చాలా తేలికైన దారి నుంచి మొదలుపెడదాం. ప్రతి వంగడానికీ ఒక ఉమ్మడి జన్యు విలువ, దానికి తోడు ప్రతి ప్రదేశంలోనూ ఒక ప్రత్యేక విలువ. రెండూ మార్కర్ల బంధుత్వ మాత్రిక (ఏ రెండు వంగడాలు ఎంత దగ్గరి బంధువులో చూపే పట్టిక) మీదే నడుస్తాయి. ఇందులో రెండే వేరియన్స్‌లు అంచనా వేయాలి కాబట్టి చిన్న డేటాకు ఇదే నప్పుతుంది. దీని లోపం, ఏ రెండు ప్రదేశాలను తీసుకున్నా వాటి మధ్య జన్యు సహసంబంధం (ఒకచోటి వంగడాల వరుస మరోచోట ఎంత నిలుస్తుందో చెప్పే కొలత) ఒకటే అని ఊహించడం. కంపాసాగర్‌కూ పాలెంకూ ఉన్న పోలికా, పాలెంకూ వనపర్తికీ ఉన్న పోలికా ఒకటే అంటే నమ్మడం కష్టం.

ప్రతి జతకూ వేరు సహసంబంధం ఇవ్వాలంటే లెక్క బరువెక్కుతుంది. 8 ప్రదేశాలుంటే 36 అంకెలు అంచనా వేయాలి. మధ్యేమార్గంగా వాడేది ఫ్యాక్టర్ అనలిటిక్ మోడల్: ప్రదేశాల మధ్య పోలికల వెనక ఒకటో రెండో అదృశ్య కారణాలున్నాయని ఊహిస్తుంది. ఒకే కారణంతో 8 ప్రదేశాలకు 16 అంకెలు చాలు. స్మిత్, కల్లిస్, థాంప్సన్ 2001లో దీన్ని బహుళ ప్రదేశ పరీక్షలకు అన్వయించి చూపారు. 2012లో బర్గెనో, ఆయన సహచరులు ఇలాంటి నిర్మాణాన్ని మార్కర్లతో జోడించారు. దక్షిణ తెలంగాణ డేటాలో ఆ అదృశ్య కారణం చాలాసార్లు నీరే అవుతుందని నేను ముందుగానే అనుకుంటాను. కానీ లోడింగులు (ఆ కారణం ఒక్కో ప్రదేశం మీద ఎంత పనిచేస్తుందో చెప్పే అంకెలు) చూశాకే ఆ మాట పైకి అనాలి.

పాత దారి ఒకటుంది. 1963లో ఫిన్లే, విల్కిన్సన్ దక్షిణ ఆస్ట్రేలియా బార్లీ మీద పనిచేస్తూ ప్రతి రకం దిగుబడినీ ప్రదేశాల సగటు మీద గీతగా గీశారు. గీత నిటారుగా ఉంటే మంచి చోట విజృంభించే రకం, పడుకుని ఉంటే ఎక్కడైనా ఒకేలా ఉండే రకం. అరవై ఏళ్లు దాటినా, గ్రామసభలో రైతుకు కూడా చూపించగల బొమ్మ ఇదొక్కటే.

నీటి వసతి ఉన్న చోట దిగుబడీ ఎక్కువే, తేడాలూ ఎక్కువే. దాన్ని ఏం చేయాలి?

వదిలేయకూడదు. వర్షాధార పరీక్షలో రకాల మధ్య తేడా 200 కిలోల పరిధిలో, నీటి కింద 1000 కిలోల పరిధిలో ఉంటే, ఉమ్మడి సగటులో గెలిచేది నీటి కింద గెలిచిన రకమే. మెట్ట రైతు ఓటుకు విలువ లేకుండా పోతుంది. ప్రతి ప్రదేశానికీ జన్యు వేరియన్స్‌నూ, దోష వేరియన్స్‌నూ విడివిడిగా అనుమతించండి. అది కుదరకపోతే ప్రదేశం లోపల ప్రామాణిక విచలనంతో భాగించి మొదలుపెట్టండి. శుద్ధమైన పద్ధతి కాదు గానీ ఏమీ చేయకపోవడం కంటే నయం.

రెప్లికేషన్లు పెంచాలా, ప్రదేశాలు పెంచాలా?

దాదాపు ఎప్పుడూ ప్రదేశాలే. రెప్లికేషన్ అంటే అదే వంగడాన్ని అదే పొలంలో మరోసారి వేయడం. లెక్క వేసి చూద్దాం. జన్యు వేరియన్స్ 4, వంగడం-ప్రదేశ పరస్పర చర్య వేరియన్స్ 6, మడి దోషం 12 అనుకుందాం. వంగడానికి నాలుగు మళ్లు వేసే స్థోమత ఉంది.

నాలుగూ ఒకేచోట వేస్తే: 4ను (4 + 6 + 12/4)తో, అంటే 13తో భాగించాలి. అనువంశికత 0.31.

నాలుగు ప్రదేశాల్లో ఒక్కొక్కటి వేస్తే: 4ను (4 + 6/4 + 12/4)తో, అంటే 8.5తో భాగించాలి. 0.47.

మళ్ల సంఖ్య మారలేదు. ఎంపిక కచ్చితత్వం, అంటే దాని వర్గమూలం, 0.55 నుంచి 0.69కి పెరిగింది. ఒకేచోట ఎన్ని రెప్లికేషన్లు పెంచినా ఆ 6 తగ్గదు. ఇది పుస్తకాల్లో పాత పాఠమే; అయినా ఒకే ఫారంలో మూడు రెప్లికేషన్లు వేసి "దక్షిణ తెలంగాణకు అనువైనది" అని రాసే అలవాటు పోలేదు.

మార్కర్లు వచ్చాక ఇంకో అడుగు ముందుకు వేయవచ్చు. ప్రతి వంగడాన్నీ ప్రతిచోటా వేయనక్కర్లేదు. 300 వంగడాలుంటే ఒక్కో ప్రదేశంలో 100 చొప్పున, కొన్ని ఉమ్మడిగా, బంధువులు అన్ని ప్రదేశాలకూ విడిపోయేలా వేయవచ్చు. వేయని చోట విలువను బంధువుల నుంచి మోడల్ పూరిస్తుంది. దీన్ని విరళ పరీక్ష అంటున్నారు. కూలీల ఖర్చు, సంచుల ఖర్చు తెలిసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఒకే పొలం లోపలి తేడాల గురించి అంత పట్టింపు ఎందుకు?

మన చల్క నేలలు ఎప్పుడూ ఒకే తీరుగా ఉండవు కాబట్టి. పది సాళ్లు దాటేసరికి లోతు మారుతుంది, కింద మొరం తగులుతుంది. దీనికి మనుషులు చేర్చినవి అదనం. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో చెరువుల నుంచి తీసిన పూడిక మట్టిని ఎందరో రైతులు పొలాలకు తోలుకున్నారు. ట్రాక్టర్ ఆగిన చోట ఎక్కువ, మూలల్లో తక్కువ. పాలమూరులో గొర్రెల మందను రాత్రిళ్లు పొలంలో ఆపే ఆనవాయితీ ఉంది; మంద నిలిచిన చెక్క మరుసటి పంటలో పచ్చగా తేలుతుంది. ఒకప్పటి గట్టును దున్ని కలిపేసిన చోటు ఏళ్ల తరబడి వేరుగా కనిపిస్తుంది. చౌడు పొర ఉన్న మూల, వేపచెట్టు నీడ పడే అంచు, అడవి పందులు తవ్విన వేరుశనగ సాళ్లు... పట్టికలో ఇవేవీ ఉండవు. దిగుబడి అంకె మాత్రం ఉంటుంది.

పెద్ద బ్లాకులు (నేల ఒకే తీరుగా ఉందనుకుని కలిపి చూసే మళ్ల గుంపులు) దీన్ని పట్టుకోలేవు. 200 వంగడాలున్న రెప్లికేషన్ ఒక ఎకరా మేర పరచుకుంటే, దాని లోపలే మూడు రకాల నేల ఉంటుంది. అందుకే 1976లో ప్యాటర్సన్, విలియమ్స్ ఇచ్చిన ఆల్ఫా డిజైన్‌లు చిన్న బ్లాకులను వాడతాయి. విత్తనం కొంచెమే ఉన్న తొలి దశలో ఫెడరర్ 1956లో ప్రతిపాదించిన ఆగ్మెంటెడ్ డిజైన్ ఉంది: కొత్త వంగడాలు ఒక్కొక్క మడిలోనే, చెక్‌లు మాత్రం ప్రతి బ్లాకులోనూ.

డిజైన్ తర్వాత విశ్లేషణ. పక్క మళ్ల సాయంతో మడిని సరిదిద్దే ఆలోచన పాతదే. గ్రీకు శాస్త్రవేత్త పపడాకిస్ 1937లోనే చెప్పాడు. 1997లో గిల్మర్, కల్లిస్, వెర్బిలా సాళ్ల దిశలోనూ అడ్డ వరుసల దిశలోనూ పక్క మళ్ల దోషాల మధ్య సంబంధాన్ని మోడల్‌లో పెట్టారు. ఇటీవల వాడుకలోకి వచ్చిన స్పాట్స్ (SpATS) అనే కంప్యూటర్ ప్యాకేజీ, పొలం మీద నునుపైన ఉపరితలాన్ని పరిచి ఎత్తుపల్లాలను వేరుచేస్తుంది. ఏది వాడినా ఒకటే షరతు: ప్రతి మడికీ సాలు సంఖ్య, అడ్డ వరుస సంఖ్య రాసి ఉండాలి. మడి సంఖ్య 1 నుంచి 600 వరకు రాసి, పొలంలో ఎటు నుంచి ఎటు లెక్కపెట్టారో రాయని ఫీల్డ్ పుస్తకంతో ఏ మోడలూ పనిచేయదు. పాము నడకలా లెక్కపెట్టారా, ప్రతి వరుసా ఎడమ నుంచే మొదలుపెట్టారా అన్నది విత్తిన రోజే రాసిపెట్టుకోవాలి.

శేషాలను (మోడల్ వివరించలేక మిగిలిన తేడాలను) పొలం ఆకారంలోనే రంగులతో గీసి చూడటం నేను ఏ గణాంక పరీక్ష కంటే ముందు చేయిస్తాను. మంద ఆగిన చోటు అందులో మచ్చలా తేలుతుంది.

మార్కర్ మోడల్, ప్రదేశ మోడల్ ఒకేసారి నడపాలా, రెండు అంచెల్లోనా?

ఒకేసారి నడపడం సిద్ధాంతపరంగా మేలు. ప్రదేశాలు ఎక్కువై, ఒక్కోచోట డిజైన్ ఒక్కోలా ఉంటే కంప్యూటర్ మొరాయిస్తుంది. అప్పుడు రెండు అంచెలు.

మొదటి అంచెలో ఒక్కో ప్రదేశాన్ని విడిగా తీసుకుని, బ్లాకులు, సాళ్లు సరిచేసి, వంగడాల సగటులు తీస్తారు. ఇక్కడ వంగడాన్ని స్థిరంగా తీసుకుని బ్లూ (BLUE, ముడుచుకోని సగటు) విలువలు తీయాలి. యాదృచ్ఛికంగా తీసుకుని బ్లప్ (BLUP) తీస్తే విలువలు ఒకసారి ముడుచుకుంటాయి, రెండో అంచెలో మార్కర్ మోడల్ వాటిని మళ్లీ ముడుస్తుంది. థీసిస్‌లలో తరచుగా కనిపించే పొరపాటు ఇది. ఇక రెండో అంచెకు సగటులతో పాటు వాటి కచ్చితత్వాన్ని కూడా బరువులుగా పంపాలి. సగం మళ్లు ఎండిపోయిన ప్రదేశం నుంచి వచ్చిన సగటుకూ, చక్కగా పండిన చోటు నుంచి వచ్చిన సగటుకూ ఒకే గౌరవం ఇవ్వడం సబబు కాదు.

నా అంచనా సహసంబంధం చాలా ఎక్కువ వచ్చింది. సంతోషించవచ్చా?

మోడల్ అంచనాకూ అసలు దిగుబడికీ ఉన్న పోలికే ఈ సహసంబంధం. ముందు ఒక్కో ప్రదేశం లోపల విడిగా చూడండి. అన్ని ప్రదేశాల విలువలనూ ఒకే కుప్పగా పోసి సహసంబంధం తీస్తే, మోడల్‌కు వంగడాల గురించి ఏమీ తెలియకపోయినా, "ఇది నీటి కింది పరీక్ష, ఇది మెట్ట పరీక్ష" అన్నంత తెలిస్తే చాలు, 0.8 కూడా రావచ్చు. ప్రదేశం లోపల అదే మోడల్ 0.1 దగ్గర తచ్చాడుతూ ఉండవచ్చు. ఎంపిక చేసేది ప్రదేశం లోపలే కాబట్టి లెక్కలోకి వచ్చేది ఆ 0.1 మాత్రమే.

రెండో ప్రశ్న, మోడల్‌కు చూపకుండా దేన్ని దాచి పరీక్షించారు? ఇందులో నాలుగు సందర్భాలున్నాయి (సీవీ అంటే క్రాస్ వాలిడేషన్, ఇలా దాచి పరీక్షించడం). ఎక్కడా పరీక్షించని కొత్త వంగడం, తెలిసిన ప్రదేశం: సీవీ1. కొన్ని ప్రదేశాల్లో పరీక్షించిన వంగడం, మరో తెలిసిన ప్రదేశం: సీవీ2. తెలిసిన వంగడం, ఎప్పుడూ పరీక్ష వేయని ప్రదేశం: సీవీ0. రెండూ కొత్తవైతే సీవీ00. సీవీ2లో అంకెలు సాధారణంగా బాగుంటాయి, ఎందుకంటే అదే వంగడం పక్క ఊళ్లో ఎంత పండిందో మోడల్‌కు ముందే తెలుసు. సీవీ00లో అంకెలు పడిపోతాయి. మీ అవసరం ఏదో దాని అంకెనే రాయండి. సంకరాల నుంచి వచ్చిన కొత్త సంతతిని పొలానికి పంపకుండానే వడపోయాలనుకుంటే సీవీ1. ఇంకా పరీక్షలు వేయని మండలానికి సిఫారసు చేయాలనుకుంటే సీవీ0.

వంగడాలను దాచేటప్పుడు ఒక వంగడానికి సంబంధించిన అన్ని రికార్డులనూ కలిపి దాచాలి. ఒక రెప్లికేషన్ శిక్షణలో, మరొకటి పరీక్షలో పడితే అది అంచనా కాదు, జవాబు చూసి రాయడం. సొంత అక్కచెల్లెళ్లు రెండువైపులా ఉన్నప్పుడు కూడా అంకె ఉబ్బుతుంది. సంతతి మొత్తాన్ని దాచి ఇంకోసారి చూడటం మంచిది.

వాతావరణ డేటా కలిపితే మెరుగవుతుందా?

అవ్వచ్చు, ముఖ్యంగా సీవీ0 సందర్భంలో. కొత్త ప్రదేశం గురించి మోడల్‌కు తెలిసేది దాని వాన, ఎండ, నేల ద్వారానే. 2014లో హర్కీన్, ఆయన సహచరులు మార్కర్ల బంధుత్వాన్నీ, పరిసరాల మధ్య వాతావరణ పోలికనూ గుణించి పరస్పర చర్యను రాసే పద్ధతి చూపారు. రెండు వంగడాలు దగ్గరి బంధువులై, రెండు ప్రదేశాల వాతావరణమూ దగ్గరగా ఉంటే వాటి ఫలితాలూ దగ్గరగా ఉంటాయన్నది దాని సారం.

సీజన్ మొత్తం వాన ఒక్క అంకెగా రాస్తే పెద్ద ఉపయోగం లేదు. వేరుశనగకు ఊడలు దిగే సమయంలో నేల తేమ కావాలి. ఆ పదిహేను రోజుల వాన వేరు, కోతకు ముందు కురిసిన వాన వేరు. మాఘీ జొన్నకు నేలలో మిగిలిన తేమే ఆధారం కాబట్టి విత్తే నాటికి ఎంత తేమ ఉందన్నది చివరి వాన కంటే ముఖ్యం. ఆముదంలో ఎండ ముదిరితే మగ పూల వాటా పెరుగుతుంది, కాబట్టి పూత దశ ఉష్ణోగ్రత చూడాలి. అంటే ఒక్కో ప్రదేశంలో విత్తిన తేదీ, పూత తేదీ తెలియాలి. వాతావరణ అంకెలు మండల స్థాయి ఆటోమేటిక్ కేంద్రాల నుంచి దొరుకుతాయి. దొరకనిది పూత తేదీ.

ఒక హెచ్చరిక. ఆరు పరిసరాలుండి, యాభై వాతావరణ చలరాశులు పెడితే మోడల్ నేర్చుకునేది ఏమీ లేదు. ఆరు బిందువుల గుండా ఏ గీతైనా పోతుంది. పంట గురించి మీకు తెలిసిన మూడు నాలుగు చాలు.

సంవత్సరాన్ని ప్రదేశంతో కలపాలా, విడిగా రాయాలా?

డేటా అనుమతిస్తే విడిగా. ప్రదేశం మళ్లీ వస్తుంది, సంవత్సరం మళ్లీ రాదు. పాలెం నేల లోతు వచ్చే ఏడాదీ అంతే ఉంటుంది. వాన మాత్రం ఎలా పడుతుందో ఎవరికీ తెలియదు. కాబట్టి వంగడానికీ ప్రదేశానికీ మధ్య నిలకడగా ఉండే పరస్పర చర్యను వాడుకోవచ్చు, ఆ ఊరికి తగిన రకం ఇవ్వవచ్చు. సంవత్సరంతో వచ్చేదాన్ని మాత్రం సగటు చేసి తట్టుకోవాలి. ఒకే ఏడాది డేటా ఉంటే ఈ రెండూ అతుక్కుపోయి ఉంటాయి, ఏ మోడలూ వేరుచేయలేదు. వానకాలం, యాసంగి పరీక్షలను మాత్రం ఎప్పుడూ వేర్వేరు పరిసరాలుగానే చూడండి. ఒకే ఊళ్లో ఈ రెండు కాలాలకున్న పోలిక కంటే, ఒకే కాలంలో రెండు ఊళ్లకున్న పోలిక ఎక్కువగా ఉండవచ్చు.

ఒక ప్రదేశం మిగతావాటితో అసలు కలవడం లేదు. తీసేయవచ్చా?

కారణం తెలిసేదాకా తీయవద్దు. ముందు సంచుల మీద చీటీలు తారుమారయ్యాయేమో చూడండి. మార్కర్లతో ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. తర్వాత ఆ ప్రదేశం లోపలి అనువంశికత చూడండి. అది సున్నా దగ్గర ఉంటే ఆ పరీక్షలో సమాచారమే లేదు, బరువు తగ్గుతుంది, గొడవ లేదు. అనువంశికత బాగుండి కూడా మిగతావాటితో వ్యతిరేకంగా ఉంటే, అదే మీ డేటాలో అన్నిటికంటే విలువైన చోటు. అలంపూర్ వైపు నల్లరేగడి ఫలితం దేవరకొండ మెట్ట ఫలితంతో కలవకపోవడంలో వింతేముంది? రెండు ప్రాంతాలకు రెండు వేర్వేరు ఎంపికలు కావాలని ఆ అంకె చెబుతోంది.

రైతుల పొలాల్లోని చిరుసంచుల (రైతులకు కొద్దిగా విత్తనం ఇచ్చి వేయించే) ప్రయోగాల డేటా పనికొస్తుందా?

పనికొస్తుంది, కాకపోతే వేరే దోష వేరియన్స్‌తో. ఒక్కో రైతు దగ్గర రెండు మూడు రకాలే ఉంటాయి కాబట్టి రైతునే బ్లాకుగా తీసుకోవాలి. రైతు పాత రకం పేరు తప్పకుండా రాయించండి. "నాటు రకం" అని రాస్తే పోలికకు ఆధారం ఉండదు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ఉచితంగా కావాలంటే ఆర్ భాషలో పొలం సవరణకు స్పాట్స్, మార్కర్ మోడల్‌కు ఆర్ఆర్‌బ్లప్ (rrBLUP), సోమర్ (sommer), బీజీఎల్ఆర్ (BGLR). డబ్బు పెట్టగలిగితే ఏఎస్‌రెమ్ల్ (ASReml). ఫ్యాక్టర్ అనలిటిక్ మోడళ్లకు దానిదే పైచేయి.

పాత డేటాలో ప్రదేశం "మహబూబ్‌నగర్", "నల్లగొండ" అని ఉంది. అలాగే వాడుకోవచ్చా?

వద్దు. 2016 అక్టోబరులో జిల్లాలు మారాయి. అంతకు ముందు రికార్డులో "మహబూబ్‌నగర్" అంటే నేటి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేటల్లో ఏదైనా కావచ్చు. కొన్ని మండలాలు రంగారెడ్డి, వికారాబాద్‌లకు కూడా వెళ్లాయి. "నల్లగొండ" అంటే సూర్యాపేటో, యాదాద్రి భువనగిరో కావచ్చు. నారాయణపేట 2019లో విడిగా ఏర్పడింది కాబట్టి 2016 నుంచి 2019 మధ్య రికార్డులకు మరో చిక్కు. పాలెం పరీక్షే ఒక ఫైలులో మహబూబ్‌నగర్ జిల్లాగా, మరో ఫైలులో నాగర్‌కర్నూల్ జిల్లాగా ఉంటే మోడల్ దాన్ని రెండు ప్రదేశాలుగా లెక్కేస్తుంది. గద్వాల నల్లరేగడి, అచ్చంపేట ఎర్ర నేల ఒకే జిల్లా పేరు కింద ఉంటే రెంటినీ ఒకటిగా కలిపేస్తుంది.

పాత ఫీల్డ్ పుస్తకాలు వెతికి, ఊరి పేరు, సర్వే నంబరు దొరికితే వాటి నుంచి అక్షాంశ రేఖాంశాలు తీసి, ఒక్కో పొలానికీ ఒక స్థిరమైన సంకేతం ఇవ్వండి. నేల రంగు, లోతు, నీటి ఆధారం మూడు గడుల్లో విడిగా రాయండి. నీటి ఆధారం దగ్గర బోరు, కాలువ, చెరువు, వర్షాధారం అని నాలుగుగా విడగొట్టడం అవసరం. పదవీ విరమణ చేసిన ఫీల్డ్ అసిస్టెంట్లకు ఏ ఏడాది ఏ చెక్కలో పరీక్ష వేశారో కాగితం మీద లేనిది కూడా గుర్తుంటుంది. మోడల్ నడపడానికి ముందే వాళ్లకు ఫోను చేయండి.